గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్

ఒక దేశంలో ఎన్ని పుస్తకాలు అచ్చయ్యాయన్న దానికంటే, వాటిలో ఎన్ని చదువరుల చేతికి అందాయన్నదే ముఖ్యమైన విషయం. బీరువాలో పెట్టి తాళం వేసిన పుస్తకం భూమిలో పాతిపెట్టిన ధనం వంటిది. ఉన్నదన్న తృప్తే తప్ప దానివల్ల ఎవరికీ ప్రయోజనం ఉండదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో మన దేశంలోని చాలా గ్రంథాలయాల స్థితి ఇదే. పుస్తకాలను భద్రపరచడమే గ్రంథాలయం పని అనీ, అవి పోకుండా కాపలా కాయడమే గ్రంథపాలకుని ధర్మమనీ నాటివారు భావించేవారు. ఆ భావనను మార్చి, పుస్తకానికీ పాఠకునికీ నడుమ వారధి నిర్మించిన మహనీయుడు శియాళి రామామృత రంగనాథన్. ఆయన ఈ వృత్తిని కోరి వచ్చినవారు కారు. వచ్చిన కొద్ది వారాలకే దీనిని విడిచిపోదలచినవారు. అటువంటి వ్యక్తి ఈ వృత్తికి ఒక శాస్త్రాన్నీ, సంఘంలో ఒక గౌరవాన్నీ సంపాదించి పెట్టడం విశేషం.

రంగనాథన్ 1892 ఆగస్టులో తంజావూరు ప్రాంతంలోని శియాళి గ్రామంలో జన్మించారు. నేడు ఆ ఊరిని శీర్కాళి అని పిలుస్తున్నారు. తండ్రి రామామృత అయ్యర్, తల్లి సీతాలక్ష్మి. రంగనాథన్‌కు ఆరేళ్ల వయసులోనే తండ్రి మరణించారు. బంధువుల అండతో ఆయన స్వగ్రామంలోని ఉన్నత పాఠశాలలో చదువు సాగించారు. బాల్యంలో ఆయనకు నత్తి ఉండేది. మాట తడబడే బాలుడు ముందుముందు ఉపాధ్యాయుడు కాగలడని ఎవరూ ఊహించి ఉండరు. అయినా ఆయన పట్టుదలతో సాధన చేసి, ఆ లోపాన్ని చాలావరకు అధిగమించారు.

పాఠశాల చదువు ముగిసిన తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, గణితశాస్త్రంలో బి.ఏ., ఎం.ఏ. పట్టాలు పొందారు. అక్కడ గణితం బోధించిన ఎడ్వర్డ్ రాస్ ఆయనను మిక్కిలి ప్రభావితం చేశారు. వారిద్దరి మధ్య ఏర్పడిన గురుశిష్య బంధం కళాశాల చదువుతో ముగిసిపోలేదు. తరువాతి కాలంలో రంగనాథన్ జీవితంలోని ఒక ముఖ్య ఘట్టానికి ఆ బంధమే కారణమైంది. ఎం.ఏ. అనంతరం సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1917లో మంగళూరు ప్రభుత్వ కళాశాలలో ఆయన అధ్యాపక వృత్తిని ప్రారంభించారు. అటుపిమ్మట కోయంబత్తూరులోను, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను గణితాన్ని బోధించారు. పాఠం చెప్పడంలోనూ, విద్యార్థులతో చర్చించడంలోనూ ఆయనకు అంతులేని ఆనందం ఉండేది. ఉపాధ్యాయుల జీతభత్యాలు మెరుగుపడాలని ఉపాధ్యాయ సంఘంలో చేరి కృషి చేశారు. విద్యావంతుడైన ఉద్యోగి గౌరవంగా బ్రతకగలిగితేనే అతడు చేసే సేవకు విలువ కలుగుతుందన్న అభిప్రాయం ఆయనలో అప్పుడే నాటుకొన్నది.

ఆ రోజులలో మద్రాసు విశ్వవిద్యాలయానికి పుస్తక సంపద ఉన్నది గాని, దానిని ఒక క్రమంలో నిలిపేవారు లేరు. 1923లో విశ్వవిద్యాలయం గ్రంథపాలకుని పదవిని నెలకొల్పి దరఖాస్తులను ఆహ్వానించింది. సుమారు తొమ్మిది వందల మంది దరఖాస్తు చేశారు. వారిలో ఒక్కరికి కూడా గ్రంథాలయ నిర్వహణలో శిక్షణ లేదు. మన దేశంలో ఆ విద్య నాటికి ఎంతగా మరుగున పడి ఉన్నదో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. మిత్రుల ప్రోత్సాహంతో రంగనాథన్ కూడా అయిష్టంగానే దరఖాస్తు పంపారు. పంపిన సంగతి మరచిపోయిన తరువాత ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. గ్రంథాలయాలను గురించి ఒక విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసాన్ని చదువుకొని ఆయన ఇంటర్వ్యూకు వెళ్ళారు. పరిశోధనాభిరుచి ఉన్న వ్యక్తి కావాలని కోరిన ఎంపిక సంఘానికి, గణితంలో ఆయన ప్రకటించిన వ్యాసాలు నచ్చాయి. 1924 జనవరిలో ఆయన ఆ పదవిని స్వీకరించారు.

పదవిలో చేరిన తరువాత ఆయనకు ఎదురైనది గొప్ప నిరాశ. తరగతి గదిలో విద్యార్థుల ప్రశ్నల నడుమ ఉత్సాహంగా గడిపిన మనిషికి గ్రంథాలయంలో పలకరించే దిక్కు లేకపోయింది. పాఠకులు రారు, పుస్తకాలు కదలవు. రోజంతా నిశ్శబ్దంలో కూర్చొని జీతం తీసుకోవడం ఆయనకు దుర్భరమైంది. కొద్ది వారాలకే అధికారులను కలసి, తన అధ్యాపక పదవిని తిరిగి ఇప్పించవలసిందిగా వేడుకొన్నారు. వారు ఆలోచించి ఒక ఒప్పందానికి వచ్చారు. దాని ప్రకారం ఆయన ఇంగ్లండు వెళ్ళి అక్కడి గ్రంథాలయ పద్ధతులను చదివి రావాలి. తిరిగి వచ్చిన తరువాత కూడా ఈ వృత్తి నచ్చకపోతే గణిత బోధనకు వెళ్ళిపోవచ్చు. ఈ షరతు మీద 1924లో ఆయన లండన్‌కు ప్రయాణమయ్యారు. ఆ ప్రయాణమే ఆయన జీవితగమనాన్ని మార్చివేసింది.

లండన్ యూనివర్సిటీ కళాశాలలోని గ్రంథాలయ విద్యాలయంలో ఆయన చేరారు. అక్కడి ఉపన్యాసకులలో బెర్విక్ సేయర్స్ అనే పండితుడు ఉండేవారు. ఆయన క్రాయిడన్ పట్టణ గ్రంథాలయాలకు ప్రధాన గ్రంథపాలకుడు కూడా. భారతదేశం నుంచి వచ్చిన ఈ గణిత ఆచార్యునిలోని జిజ్ఞాసను గుర్తించి, సేయర్స్ ఆయనకు అన్ని విధాలా తోడ్పడ్డారు. రంగనాథన్ పాఠాలు వినడంతో తృప్తిపడక, ఇంగ్లండులోని వందకు పైగా గ్రంథాలయాలను స్వయంగా చూశారు. అక్కడి సామాన్య ప్రజలు, కార్మికులు, పిల్లలు గ్రంథాలయాలకు వచ్చి తమకు కావలసిన పుస్తకాలను తీసుకొని వెళ్ళే దృశ్యం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసింది. మన దేశంలో గ్రంథాలయం పండితుల సొత్తు. అక్కడ అది ప్రజల హక్కు. ఈ భేదాన్ని గమనించిన తరువాత, మద్రాసులో తాను అనుభవించిన విసుగుకు కారణం వృత్తి కాదనీ, దానిని నడిపే పద్ధతి అనీ ఆయనకు బోధపడింది.

అయితే అక్కడి పద్ధతులను ఆయన కన్ను మూసి అంగీకరించలేదు. నాడు ఎన్నో గ్రంథాలయాలు అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణను అనుసరించేవి. అందులో సమస్త విజ్ఞానాన్నీ పది పెద్ద తరగతులుగా విభజించి, ఒక్కొక్క విషయానికి ముందుగానే ఒక సంఖ్యను నిర్ణయించి ఉంచుతారు. గ్రంథపాలకుడు పుస్తకం చేతికి రాగానే, జాబితాలో దానికి తగిన సంఖ్యను వెదకి వేస్తాడు. ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరమైనదే. కాని విజ్ఞానం నిరంతరం పెరిగేది. నేడు లేని విషయం రేపు పుట్టవచ్చు. రెండు మూడు శాస్త్రాలు కలసి కొత్త శాస్త్రం ఏర్పడవచ్చు. ముందుగా తయారు చేసిన జాబితాలో దానికి చోటు ఎక్కడ? పైగా ఆ పద్ధతిలో మతానికి కేటాయించిన తరగతిలో అధికభాగం క్రైస్తవానికే చెందగా, తక్కిన మతాలన్నీ చివరి కొద్ది స్థానాలలో సర్దుకోవలసి వచ్చింది. మన దేశపు సాహిత్యానికీ, తత్త్వశాస్త్రానికీ ఆ చట్రం ఇరుకైనది.

ఈ చిక్కుకు పరిష్కారం ఆయనకు ఒక బొమ్మల దుకాణంలో దొరికింది. లండన్‌లోని సెల్ఫ్రిడ్జ్ అంగడిలో మెకానో అనే ఆట వస్తువును ప్రదర్శించడం ఆయన చూశారు. అందులో కొన్ని ఇనుప పట్టీలు, చక్రాలు, కడ్డీలు, మరలు మాత్రమే ఉన్నాయి. వాటినే ఒకసారి ఒక విధంగా కలిపితే బండి అవుతున్నది. ఇంకొక విధంగా కలిపితే వంతెన అవుతున్నది. కొద్దిపాటి భాగాలతో అనేక రూపాలను నిర్మించగలిగినట్లే, కొద్దిపాటి మూల భావాలను కలిపి ఎంతటి క్లిష్టమైన విషయానికైనా సంఖ్యను నిర్మించవచ్చుననే ఆలోచన ఆయనకు తట్టింది. భాగాలను కలిపే మరగా ఆయన కోలన్ అనే విరామ చిహ్నాన్ని ఎన్నుకొన్నారు. అందువల్లనే ఆయన పద్ధతికి కోలన్ వర్గీకరణ అన్న పేరు వచ్చింది. తెలుగులో దీనిని ద్విబిందు వర్గీకరణ అంటారు.

ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. భారతదేశంలో ఊపిరితిత్తుల క్షయకు జరిగే చికిత్సను గురించి ఒక పుస్తకం ఉన్నదనుకొందాం. ఇందులో వైద్యశాస్త్రం ఉన్నది. ఊపిరితిత్తులనే అవయవం ఉన్నది. క్షయ అనే వ్యాధి ఉన్నది. చికిత్స అనే క్రియ ఉన్నది. భారతదేశమనే స్థలం ఉన్నది. వీటిలో ఒక్కొక్కటి ఆ విషయానికి ఒక ముఖం. ఊపిరితిత్తులకు 45, క్షయకు 421, భారతదేశానికి 44 అన్నట్లు ఒక్కొక్క ముఖానికి ఒక సంకేతం ఉంటుంది. వాటిని వరుసగా కలిపితే ఆ పుస్తకం సంఖ్య సిద్ధమవుతుంది. రత్నాన్ని ఎటు తిప్పితే అటు ఒక ముఖం కనిపించినట్లు, ఒకే పుస్తకాన్ని వ్యాధిని బట్టి వెదికేవారు, దేశాన్ని బట్టి వెదికేవారు కూడా పట్టుకోవచ్చు. తరువాతి కాలంలో ఆయన ఈ ముఖాలన్నింటినీ వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే ఐదు మూల వర్గాలుగా సూత్రీకరించారు.

1925లో స్వదేశానికి తిరిగి వస్తూ, ఓడలోని చిన్న గ్రంథాలయాన్ని ఆయన తన కొత్త పద్ధతిలో సర్ది చూశారు. మద్రాసు చేరిన తరువాత గణిత బోధన మాట మళ్ళీ ఎత్తలేదు. గ్రంథాలయంలో ఉదయం నుంచి రాత్రి దాకా, సెలవు రోజులలో కూడా, ఆయన పనిచేసేవారు. ఇరవై ఏండ్ల ఉద్యోగ కాలంలో ఒక్క సెలవైనా తీసుకోలేదని ప్రసిద్ధి. పాఠకులు స్వయంగా అరల వద్దకు వెళ్ళి పుస్తకాలు ఎన్నుకొనే పద్ధతిని ప్రవేశపెట్టారు. నాడు ఇది సాహసమే. పుస్తకాలు పోతాయని, చెల్లాచెదురవుతాయని భయపడినవారు చాలామంది ఉన్నారు. కాని, పది పుస్తకాలు పోతాయన్న భయంతో వేల పుస్తకాలను పాఠకులకు దూరం చేయడం న్యాయం కాదని ఆయన నిశ్చయం. వచ్చిన పాఠకునికి కావలసినదేమిటో తెలుసుకొని, తగిన పుస్తకాన్ని చూపించే సేవను కూడా ఆయన ఆరంభించారు. ఒకనాడు పలకరించే దిక్కులేని గ్రంథాలయం క్రమంగా పాఠకులతో కళకళలాడింది. 1936లో మెరీనా తీరాన గ్రంథాలయానికి సొంత భవనం ఏర్పడింది.

ఆయన జీవితంలో 1928వ సంవత్సరం మరపురానిది. అప్పటికి ఆయనకు గ్రంథాలయ పనిలో ఎన్నో పద్ధతులు తెలుసు. కాని ఆ పద్ధతులన్నింటికీ మూలమైన సూత్రాలు ఏవన్న ప్రశ్న ఆయనను వేధించసాగింది. గణితంలో కొన్ని స్వతస్సిద్ధ సూత్రాల నుంచి సిద్ధాంతాలన్నీ పుట్టినట్లు, గ్రంథాలయ శాస్త్రానికి కూడా కొన్ని మూల సూత్రాలు ఉండి తీరాలని ఆయన నమ్మకం. ఒక సాయంకాలం తన పూర్వ గురువైన ఎడ్వర్డ్ రాస్‌ను కలసినప్పుడు తన చిక్కును చెప్పుకొన్నారు. శిష్యుని మాటలు విన్న గురువు, పుస్తకాలు ఉపయోగించడానికే ఉన్నాయన్నదే అతడు వెదకుతున్న మొదటి సూత్రమని తేల్చి చెప్పారు. చిక్కుముడి విడిపోయినట్లయింది. తక్కిన నాలుగు సూత్రాలు వెంట వెంటనే రూపుదిద్దుకొన్నాయి. ఈ సూత్రాలను వివరించే ఆయన గ్రంథం 1931లో వెలువడింది.

ఆ పంచ సూత్రాల సారాంశం ఇది. పుస్తకాలు దాచడానికి గాక ఉపయోగించడానికి ఉన్నవి. ప్రతి పాఠకునికీ అతనికి తగిన పుస్తకం అందాలి. ప్రతి పుస్తకానికీ దానిని కోరే పాఠకుడు దొరకాలి. పాఠకుని కాలం వృథా కాకూడదు. గ్రంథాలయం నిత్యం పెరిగే జీవి వంటిది. చూడడానికి ఇవి ఎంతో సామాన్యంగా కనిపిస్తాయి. కాని వీటి వెనుక పెద్ద మార్పు దాగి ఉన్నది. మొదటి సూత్రాన్ని అంగీకరిస్తే గ్రంథాలయం ఊరి మధ్యలో, అందరికీ అనువైన వేళల్లో తెరచి ఉండాలి. రెండవ సూత్రాన్ని అంగీకరిస్తే ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు, పట్టణవాసి, పల్లెవాసి అన్న భేదం లేకుండా అందరికీ పుస్తకం అందాలి. మూడవదాన్ని అంగీకరిస్తే పాఠకులకు అరలు తెరచి ఉంచాలి. నాలుగవదాన్ని అంగీకరిస్తే సరైన వర్గీకరణ, సూచిక ఉండాలి. ఐదవదాన్ని అంగీకరిస్తే గ్రంథాలయ భవనమూ, సిబ్బందీ, పద్ధతులూ అన్నీ పెరుగుదలకు అనుగుణంగా ఉండాలి. ఈ విధంగా ఐదు చిన్న వాక్యాల నుంచి గ్రంథాలయ నిర్వహణ అంతటినీ ఆయన రాబట్టారు.

ఆ 1928లోనే ఆయన భార్య రుక్మిణి ప్రమాదవశాత్తు మరణించారు. ఆ దుఃఖాన్ని దిగమింగి ఆయన పనిలోనే మునిగిపోయారు. మరుసటి సంవత్సరం శారదను వివాహమాడారు. వారికి యోగేశ్వర్ అనే కుమారుడు కలిగాడు. నిరాడంబరంగా ఇల్లు నడుపుతూ భర్త కృషికి ఆటంకం కలగకుండా చూసిన శారద పేరు తరువాతి కాలంలో ఒక ఆచార్య పీఠానికి అలంకారమైంది.

గ్రంథాలయ వృత్తి గౌరవాన్ని పొందాలంటే, అందులోకి వచ్చేవారు ఆ విద్యను నేర్చినవారై ఉండాలని రంగనాథన్ గట్టిగా విశ్వసించారు. తొమ్మిది వందల మంది అభ్యర్థులలో ఒక్కరికీ శిక్షణ లేని నాటి స్థితిని ఆయన మరచిపోలేదు. 1928లో స్థాపితమైన మద్రాసు గ్రంథాలయ సంఘానికి ఆయన వెన్నెముకగా నిలిచారు. ఆ సంఘం పక్షాన 1929లో శిక్షణ తరగతులను ప్రారంభించారు. కొద్ది కాలానికి ఆ తరగతులను విశ్వవిద్యాలయమే స్వీకరించింది. 1933లో కోలన్ వర్గీకరణ, 1934లో సూచీకరణ నియమావళి, 1937లో వర్గీకరణ సిద్ధాంత గ్రంథం వెలువడ్డాయి. శిష్యులకు చెప్పిన పాఠాలు గ్రంథాలయ్యాయి. గ్రంథాలలోని లోపాలు శిష్యుల ప్రశ్నలలో బయటపడి తరువాతి ముద్రణలలో సవరణ పొందాయి.

పల్లెలను ఆయన మరచిపోలేదు. 1931లో తంజావూరు ప్రాంతంలోని మన్నార్గుడి వద్ద కనకసభై పిళ్ళై అనే ఉదారుడు ఎడ్లబండి మీద పుస్తకాలు పెట్టి గ్రామాలకు పంపే ఏర్పాటు చేశారు. పుస్తకం వద్దకు రాలేని పాఠకుని వద్దకు పుస్తకమే బయలుదేరి వెళ్ళింది. మన తెలుగునాట కూడా ఇదే కాలంలో గ్రంథాలయోద్యమం ఉవ్వెత్తున సాగింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు స్థాపింపజేశారు. 1935లో పాతూరి నాగభూషణం ప్రోత్సాహంతో గుంటూరు జిల్లా పెదపాలెం ప్రాంతంలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. తెలుగువారి ఉద్యమం ప్రజల ఉత్సాహం నుంచి పుట్టింది. రంగనాథన్ కృషి శాస్త్రం నుంచి పుట్టింది. అయితే ప్రజల ఉత్సాహం ఎంత గొప్పదైనా, దాతలు ఇచ్చినన్నాళ్ళే గ్రంథాలయం నడుస్తుంది. దాత చేయి ముడుచుకొన్న నాడు తలుపులు మూతపడతాయి.

ఈ సంగతిని గ్రహించినందువల్లనే రంగనాథన్ గ్రంథాలయాలకు చట్టం కావాలని పట్టుపట్టారు. పాఠశాల నడపడం ప్రభుత్వ బాధ్యత అయినప్పుడు, పాఠశాల విడిచిన తరువాత జీవితాంతం చదువు సాగించే చోటును నడపడం కూడా ప్రభుత్వ బాధ్యతేనని ఆయన వాదన. 1930లో కాశీలో జరిగిన విద్యా మహాసభ నాటికే ఆయన నమూనా చట్టాన్ని రూపొందించారు. పద్దెనిమిదేళ్ళ నిరీక్షణ తరువాత, అవినాశిలింగం చెట్టియార్ విద్యాశాఖ మంత్రిగా ఉన్న కాలంలో, 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో ఇటువంటి చట్టాలలో ఇదే మొదటిది. ఇంటిపన్నుతో పాటు కొద్దిపాటి గ్రంథాలయ పన్నును వసూలు చేసి, ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయాలకే వినియోగించాలని అది నిర్దేశించింది. నాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా అది వర్తించింది. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టాన్ని చేసుకొన్నది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. తెలుగు జిల్లాలలో జిల్లా గ్రంథాలయ సంస్థల వెనుక ఉన్న ఆలోచన ఆ పాత ప్రయత్నం నుంచి వచ్చినదే.

ఇరవై సంవత్సరాల సేవ తరువాత, అధికారులతో ఏర్పడిన అభిప్రాయభేదాల వల్ల రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న కాశీ హిందూ విశ్వవిద్యాలయం 1945లో ఆయనను ఆహ్వానించింది. అక్కడ సుమారు లక్ష పుస్తకాలను ఆయన దాదాపు ఒంటిచేతి మీద వర్గీకరించారు. యాభై దాటిన వయసులో ఈ పనిని తన గౌరవానికి తక్కువగా ఆయన ఎంచలేదు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి గ్రంథాలయ శాస్త్రంలో ఉన్నత విద్యకు పునాదులు వేశారు. భారత గ్రంథాలయ సంఘానికి 1944 నుంచి 1953 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. శాస్త్రవేత్తలకు కావలసిన పరిశోధన వ్యాసాలను వెదకి అందించే జాతీయ కేంద్రం ఒకటి ఉండాలన్న ఆయన ఆలోచన 1952లో ఇన్స్‌డాక్ సంస్థ రూపంలో ఫలించింది.

గ్రంథపాలకుని హోదా విషయంలో ఆయన రాజీపడలేదు. 1957లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం నియమించిన గ్రంథాలయ సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. గ్రంథపాలకులకు వారి అర్హతలను బట్టి అధ్యాపకులతో సమానమైన జీతాలు, హోదా కల్పించాలని ఆ సంఘం సూచించింది. విద్యార్థికి పాఠం చెప్పేవారు ఎంతటివారో, ఆ పాఠాన్ని లోతుగా తెలుసుకొనే దారి చూపేవారు కూడా అంతటివారేనన్నది ఆయన దృష్టి. తమ హక్కుల కోసం అడగడంతో పాటు, ఆ హక్కులకు తగిన సేవ చేయడం కూడా వృత్తి ధర్మమని ఆయన తన నడవడి ద్వారా చూపించారు. జీవితమంతా కూడబెట్టిన లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించి, గ్రంథాలయ శాస్త్రంలో శారదా రంగనాథన్ ఆచార్య పీఠాన్ని నెలకొల్పారు. ఏ విశ్వవిద్యాలయాన్ని మనస్తాపంతో విడిచి వెళ్ళారో, దానికే తన సర్వస్వాన్నీ ఇవ్వడం ఆయన హృదయ వైశాల్యానికి తార్కాణం.

ప్రభుత్వం 1957లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1962లో ఆయన బెంగుళూరులో భారత గణాంక సంస్థ ఆధ్వర్యాన ప్రలేఖన పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని స్థాపించారు. 1965లో జాతీయ పరిశోధన ఆచార్యులుగా నియమితులయ్యారు. గణితం మీది మమకారం కూడా ఆయనను విడిచిపోలేదు. మహా గణితవేత్త శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని గురించి 1967లో ఒక గ్రంథం ప్రకటించారు. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. ఆయన జ్ఞాపకార్థం ఆగస్టు 12వ తేదీని మన దేశంలో జాతీయ గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

రంగనాథన్ సాధించినదంతా విజయమేనని చెప్పడం సత్యం కాదు. ఆయన కోలన్ వర్గీకరణ ముద్రణ ముద్రణకూ మారుతూ వచ్చింది. దాని సంఖ్యలు పొడవైనవి, నేర్చుకోవడానికి కష్టమైనవి. అందువల్ల మన దేశంలోనే చాలా గ్రంథాలయాలు డ్యూయీ పద్ధతినే అనుసరిస్తున్నాయి. అయితే ఆ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన మాత్రం ప్రపంచమంతటా వ్యాపించింది. 1952లో లండన్‌లో ఏర్పడిన వర్గీకరణ పరిశోధన బృందం ఆయన ముఖ విశ్లేషణను ఆధారంగా తీసుకొన్నది. నేడు అంతర్జాలంలో ఒక వస్తువునో, పుస్తకాన్నో వెదికేవారు భాష, సంవత్సరం, వెల, రచయిత వంటి అంశాలను ఒకదాని తరువాత ఒకటి ఎన్నుకొంటూ తమకు కావలసినదానిని చేరుకొంటారు. కంప్యూటరు మన దేశంలో కాలుపెట్టక ముందే, కాగితం మీద సిరాతో ఆయన చూపిన దారి ఇదే.

సాధనాలు మారినా ఆయన అడిగిన ప్రశ్న మారలేదు. నేటి గ్రంథపాలకుని ముందు ముద్రిత గ్రంథంతో పాటు డిజిటల్ ప్రతి కూడా ఉన్నది. పుస్తకం అందరికీ అందాలని రెండవ సూత్రం కోరుతుంది. రచయిత శ్రమకు రక్షణ ఉండాలని కాపీరైటు చట్టం కోరుతుంది. మన దేశంలోని 1957 నాటి కాపీరైటు చట్టం ఈ రెండింటికీ నడుమ కొంత చోటు విడిచింది. మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన అవసరం కోసం మూడు ప్రతులకు మించకుండా తయారు చేసుకోవచ్చు. తన వద్ద ముద్రిత ప్రతి ఉన్న గ్రంథాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిలువ చేసుకొనే వీలును 2012లో జరిగిన సవరణ కల్పించింది. ఆ హద్దులను తెలుసుకొని, పాఠకునికీ రచయితకూ ఇద్దరికీ న్యాయం చేయడం నేటి గ్రంథపాలకుని బాధ్యత. యంత్రం పుస్తకాన్ని క్షణంలో వెదకి పెట్టగలదు. కాని ఎదుట నిలిచిన పాఠకునికి నిజంగా కావలసినదేమిటో గ్రహించడానికి మనిషి కావాలి.

ఇష్టం లేని పనిలో చేరిన యువకుడు దానిని విడిచి వెళ్ళడానికి మారుగా, ఆ పని ఎందుకు నిస్సారంగా ఉన్నదో ఆలోచించాడు. లోపం ఎక్కడున్నదో కనుగొన్నాడు. ఆ లోపాన్ని సవరించడానికి జీవితాన్ని ధారపోశాడు. తాళం వేసిన బీరువా తెరుచుకొన్న ప్రతి చోటా, పల్లెలోని బాలిక తనకు నచ్చిన పుస్తకాన్ని స్వయంగా అరలోనుంచి తీసుకొన్న ప్రతిసారీ, రంగనాథన్ కృషి సార్థకమవుతూనే ఉంటుంది. ఆయనను స్మరించడానికి విగ్రహాలు అవసరం లేదు. దగ్గరలోని గ్రంథాలయంలో అడుగుపెట్టి, ఒక పుస్తకాన్ని తీసి చదివితే చాలు.